విటమిన్ సి సీసా కన్నా ముందు కొనవలసినది

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు ముప్ఫై ఆరేళ్లు. బాపట్ల జిల్లాలోని ఒక ప్రభుత్వ పాఠశాలలో టీచరుగా పనిచేస్తున్నాను. రోజూ స్కూటీ మీద వెళ్లి వస్తాను. రెండో కాన్పు తర్వాత రెండు చెంపల మీద, పై పెదవి మీద మంగు మచ్చలు వచ్చాయి. బాబుకు ఇప్పుడు నాలుగేళ్లు. మచ్చలు పోలేదు సరికదా, ఎండాకాలం వస్తే ఇంకా ముదురుతున్నాయి. హైదరాబాదులో ఉండే మా చెల్లెలు మే నెలలో 20 శాతం విటమిన్ సి సీరం కొని కొరియర్‌లో పంపింది. రాసుకుంటే ముఖం మండింది. అయినా మానకుండా వాడాను. రెండు నెలలు తిరిగేసరికి సీసాలోది టీ డికాషన్ రంగుకు వచ్చింది. వేళ్ల మీద, గోళ్ల చుట్టూ పసుపు రంగు పడుతోంది. డబ్బు పెట్టి కొన్నది పారేయడానికి మనసు ఒప్పడం లేదు. మా అత్తగారు నిమ్మచెక్కతో రుద్దుకుని, కమలా తొక్కల పొడి పట్టించమంటున్నారు. అందులో ఉండేదీ విటమిన్ సి యే కదా అని ఆమె అంటారు. ఫోనులో చూసిన ఒక వీడియోలో విటమిన్ సి చప్పరించే బిళ్లలు నూరి రాసుకోమన్నారు. మా తోడికోడలు మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు వాడి పదిహేను రోజుల్లో తెల్లబడింది. స్టాఫ్ రూములో అందరూ ‘ముఖం ఏమిటి ఇలా అయిపోయింది’ అని అడుగుతుంటే తల ఎత్తలేకపోతున్నాను. నెలకు ఏడెనిమిది వందలకు మించి ఖర్చు పెట్టలేను. ఏం చేయాలి? పన్నెండేళ్ల మా అమ్మాయి కూడా సీరం రాసుకుంటానంటోంది. రాయవచ్చా? నా పేరు వేయకండి.
– ఒక ఉపాధ్యాయురాలు

సమాధానం: అమ్మా, నమస్కారం. అన్నిటికన్నా ముందు ఆ సీసా సంగతి: పారేయండి. టీ డికాషన్ రంగుకు వచ్చిన సీరంలో మీ చెల్లెలు డబ్బు పెట్టి కొన్న పదార్థం చాలావరకు మిగిలి ఉండదు. అసలైన విటమిన్ సి ని సీసా మీద ఎల్-ఆస్కార్బిక్ ఆసిడ్ అని రాస్తారు. నీటిలో కరిగి ఉన్నప్పుడు అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మొదట డీహైడ్రోఆస్కార్బిక్ ఆసిడ్‌గా మారుతుంది. అక్కడి నుంచి ఇంకా విరిగిపోయి, మళ్లీ విటమిన్ సి గా మారలేని స్థితికి చేరుతుంది. ఆ క్రమంలో పుట్టే వాటిలో ఎరిత్రులోజ్ అనే చక్కెర ఒకటి ఉంది. ఎండలో పడుకోకుండానే చర్మానికి గోధుమ రంగు రావాలని కోరుకునేవారి కోసం విదేశాల్లో తయారుచేసే క్రీముల్లో దీన్ని కావాలనే కలుపుతారు. మీ గోళ్ల చుట్టూ పడుతున్న పసుపు అదే. మచ్చ తగ్గాలని రాసుకున్నది చర్మానికి రంగు అంటించే పదార్థంగా మారిందన్నమాట. కంగారు పడకండి, ఆ రంగు పై పొరది. కొద్ది రోజుల్లో దానంతట అదే పోతుంది.

నేను చర్మవైద్యురాలిని కాను. ఔషధ తయారీ చదువుకుని, ఒక మందు ఎంత వేడిలో, ఎంత తేమలో ఎన్నాళ్లు చెడకుండా నిలుస్తుందో పరీక్షించే విభాగంలో పనిచేసినదాన్ని. అందుకే మీ ఉత్తరంలో మే నెల, కొరియర్ అన్న మాటలు కంటపడగానే మిగతా కథ అర్థమైంది. మందుల కంపెనీల్లో మామూలు గది వేడిలో నిల్వ ఉండవలసిన మందులను 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న గదిలో ఆరు నెలలు ఉంచుతారు. మామూలు వాతావరణంలో చాలాకాలానికి వచ్చే మార్పును ఆ వేడిలో తొందరగా రప్పించి, ముందే అంచనా వేయడానికి ఈ పరీక్ష పెడతారు. వేసవిలో కోస్తా జిల్లాల్లో తిరిగే కొరియర్ వ్యాను లోపల ఉండేది ఇంచుమించు అదే వాతావరణం. పెట్టెలో మూసి పెట్టిన మాత్రలు దాన్ని తట్టుకుంటాయి. నీటిలో కరిగిన ఆస్కార్బిక్ ఆసిడ్‌కు అంత ఓర్పు లేదు. మీ చేతికి వచ్చేసరికే అది కొంత చెడి ఉంటుంది. ఆ తర్వాత రోజూ మూత తీసి డ్రాపర్ ముంచిన ప్రతిసారీ కొత్త గాలి లోపలికి వెళ్లింది. ఇందులో మీ తప్పు గానీ, మీ చెల్లెలి తప్పు గానీ లేదు. ఇంత సున్నితమైన వస్తువును మన ఎండల్లో ఎలా పంపాలో, ఇంట్లో ఎలా దాచుకోవాలో అమ్మేవారు స్పష్టంగా చెప్పవలసింది.

మంట విషయానికి వస్తే, దాని వెనక కూడా కారణం ఉంది. చర్మం పై పొరలో కొవ్వు పదార్థాలు ఎక్కువ. నీటిలో కరిగి విద్యుదావేశం పొందిన అణువును ఆ పొర లోపలికి రానివ్వదు. ఆస్కార్బిక్ ఆసిడ్ ఆ ఆవేశం లేకుండా ఉండాలంటే ద్రావణం బాగా పుల్లగా ఉండాలి, అంటే పులుపును కొలిచే పీహెచ్ అనే అంకె 3.5 కన్నా తక్కువగా ఉండాలి (ఆ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పంది చర్మం మీద దీన్ని కొలిచి 2001లో ప్రచురించారు. విటమిన్ సి శాతం పెంచుతూ పోతే 20 దాకా చర్మంలో చేరేది పెరిగింది. అంతకు మించి పెంచినా లాభం లేకపోయింది. చర్మంలో చేరినది సగానికి తగ్గడానికి దాదాపు నాలుగు రోజులు పట్టింది.

ఈ రెండు సంగతులూ మీకు నేరుగా పనికివస్తాయి. ఒకటి, 20 శాతం అన్నది ఆఖరి మెట్టు. మొదటిసారి వాడేవారు అక్కడ మొదలుపెట్టకూడదు. రెండోది, రోజు విడిచి రోజు రాసుకున్నా నష్టం లేదు. ముఖం మండుతున్నా ఒక్క రోజు కూడా మానకూడదని మీరు పడిన పట్టుదల అవసరం లేనిది. పైగా అది మీకు చెరుపు చేసి ఉండవచ్చు. చామనఛాయ చర్మం మంటకు, రాపిడికి, కాలిన గాయానికి ఇచ్చే జవాబు నల్లని మచ్చే. దోమ కుట్టిన చోట, మొటిమ గిల్లిన చోట నలుపు నెలల తరబడి నిలిచిపోవడం మన ఇళ్లలో అందరూ చూసేదే. మంగు ఉన్న చర్మం ఇంకా తొందరగా రెచ్చిపోతుంది. కాబట్టి మీ ముఖం మీద ఏది రాసినా ఒకే పరీక్ష పెట్టండి: ఒకటి రెండు నిమిషాలు కొద్దిగా చురుక్కుమని తగ్గిపోతే ఫరవాలేదు. మంట నిలిచినా, చెంపలు ఎర్రబడినా, పొట్టు లేచినా కడిగేసి ఆపేయాలి. మందు పనిచేస్తోంది కాబట్టే మండుతోందన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, అది మంగు ఉన్న ఎందరో ఆడవాళ్ల ముఖాలు పాడుచేసింది.

అసలు విటమిన్ సి మచ్చ మీద ఎలా పనిచేస్తుంది? తరిగిన వంకాయ ముక్కలు గాలి తగిలితే నల్లబడతాయి కదా. వాటిని నల్లబరిచే ఎంజైమూ, మన చర్మంలో మెలనిన్ అనే రంగు తయారుచేసే టైరోసినేజ్ అనే ఎంజైమూ ఒకే కుటుంబానివి. రెండూ పనిచేయడానికి రాగి కావాలి. విటమిన్ సి ఆ రాగి దగ్గర అడ్డు తగులుతుంది. సగం తయారైన రంగును వెనక్కి మళ్లిస్తుంది కూడా. గమనించండి, అది అడ్డుకునేది కొత్తగా తయారవుతున్న రంగును. ఇప్పటికే చర్మంలో ఉన్న నలుపు, పై పొరలు రాలి కొత్తవి వచ్చేకొద్దీ మెల్లగా పోవలసిందే. కాబట్టి ఒక పక్క ఎండ కొత్త రంగును పుట్టిస్తూనే ఉంటే, ఏ సీరం ఎంత రాసినా ఫలితం కనిపించదు. ఈ ఉత్తరంలో నేను మీకు చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. విటమిన్ సి తోడు మాత్రమే. మీ మచ్చలకు మొదటి మందు వెలుతురు నుంచి కాపుదల. మీ దగ్గర ఉన్న ఏడెనిమిది వందల్లో మొదటి రూపాయి దానికే పోవాలి.

తోడుగా అది ఏపాటిదో కూడా చెబుతాను. జపాన్‌లో 1996లో ప్రచురించిన ఒక పరిశీలనలో, మెగ్నీషియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్ అనే మెత్తని రకం విటమిన్ సి ని 10 శాతం క్రీముగా వాడారు. మంగు గానీ, వయసుతో వచ్చే మచ్చలు గానీ ఉన్న 34 మందిలో 19 మందికి మచ్చలు చెప్పుకోదగ్గంతగా పలచబడ్డాయి. ఏ మచ్చా లేని మామూలు చర్మం ఉన్న 25 మందిలో రంగు తగ్గింది ముగ్గురికే. ఈ రెండో అంకెను ప్రకటనల్లో ఎవరూ చెప్పరు. అసలు రంగును తెల్లగా మార్చే శక్తి దీనికి లేదు. 2004లో వచ్చిన మరో పరిశీలనలో మంగు ఉన్న 16 మంది స్త్రీలకు ముఖం ఒక పక్క 5 శాతం ఆస్కార్బిక్ ఆసిడ్, మరో పక్క 4 శాతం హైడ్రోక్వినోన్ (మంగుకు చర్మవైద్యులు ఇచ్చే పూతమందు) పదహారు వారాలు రాయించారు. హైడ్రోక్వినోన్ వైపు 93 శాతం మందికి, విటమిన్ సి వైపు సుమారు 62 శాతం మందికి మంచి ఫలితం కనిపించింది. కానీ మంట, దురద లాంటి ఇబ్బందులు హైడ్రోక్వినోన్ వైపు దాదాపు 69 శాతం మందికి వస్తే, విటమిన్ సి వైపు వచ్చింది 6 శాతానికే. అంటే ఇది కొంచెం నిదానపు మందు, కొంచెం బలహీనమైన మందు. సరైన రూపంలో వాడితే హాని తక్కువ. రెండు పరిశీలనలూ చిన్నవే. అయినా ఈ విషయంలో నాకు నచ్చే నిజాయితీ వాటిలో ఉంది.

మీ అత్తగారి మాటలో తర్కం ఉంది, కాదనను. నిమ్మలో విటమిన్ సి ఉన్న మాట నిజమే. ఎంత ఉంది అన్నదే ప్రశ్న. నూరు గ్రాముల నిమ్మరసంలో సుమారు 50 మిల్లీగ్రాములు, అంటే 0.05 శాతం. పది శాతం సీరంలో దానికి రెండు వందల రెట్లు ఉంటుంది. నిమ్మరసాన్ని పుల్లగా చేసేది సిట్రిక్ ఆసిడ్. దాని పీహెచ్ రెండు, రెండున్నర మధ్య ఉంటుంది. కాబట్టి ముఖానికి చేరేది మంట ఎక్కువ, మందు తక్కువ. అంతకన్నా పెద్ద ప్రమాదం తొక్కలో ఉంది. గూడూరు, తెనాలి మార్కెట్లకు వచ్చే మన చిన్న నిమ్మ జాతి తొక్కలో ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు ఎర్రబడుతుంది, ఒక్కోసారి బొబ్బలెక్కుతుంది, ఆ చోట నెలల తరబడి నల్లని మరక మిగిలిపోతుంది. నిమ్మచెక్కతో రుద్దడమంటే రసమూ తొక్క నూనె కలిపి రుద్దడమే. మీరు పొద్దున రుద్దుకుని స్కూటీ ఎక్కితే ఏమవుతుందో ఊహించండి. ఈ ఒక్క విషయంలో మాత్రం అత్తగారి మాట వినకండి, నా పేరు చెప్పి కాదనండి.

కమలా తొక్కల పొడి అంత ప్రమాదం కాదు గానీ, ఎండబెట్టేసరికే అందులోని విటమిన్ సి చాలావరకు పోతుంది. మిగిలేది గరుకు. మంగు మీద గరుకుగా రుద్దకూడదు. ఒంటికి సున్నిపిండి నలుగు పెట్టుకోవడం మీకు ఇష్టమైతే హాయిగా పెట్టుకోండి, చెంపలను మాత్రం వదిలేయండి.

చప్పరించే బిళ్లల సంగతి ఇంకా సులువు. వాటిలో చక్కెర, రంగు, వాసన, బిళ్లగా నిలిపే పొడులు ఉంటాయి. పులుపు తగ్గించడానికి ఆస్కార్బిక్ ఆసిడ్‌లో కొంత భాగాన్ని సోడియం ఆస్కార్బేట్‌గా వాడతారు. నీటిలో కరిగితే అది ఆవేశం ఉన్న రూపం. పైన చెప్పిన లెక్క ప్రకారం చర్మం దాన్ని గడప దగ్గరే ఆపేస్తుంది. ఆ బిళ్ల నోట్లో వేసుకోవడానికి చేసింది.

తినే సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. 1747లో జేమ్స్ లిండ్ అనే బ్రిటిష్ నౌకా వైద్యుడు, చిగుళ్ల నుంచి రక్తం కారి, ఒళ్లంతా నీరసించిన నావికులకు రకరకాల పదార్థాలు ఇచ్చి చూశాడు. నారింజలు, నిమ్మకాయలు తిన్న ఇద్దరూ అందరికన్నా ముందు కోలుకున్నారు. విటమిన్ సి లేనిదే శరీరం కొల్లాజెన్‌ను సరిగా అల్లుకోలేదు. చర్మానికి, చిగుళ్లకు, రక్తనాళాలకు బలమిచ్చేది అదే. చాలా జంతువులు ఈ విటమిన్‌ను తమ ఒంట్లోనే తయారుచేసుకుంటాయి. మనిషికి ఆ శక్తి లేదు, తినవలసిందే. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన సిఫారసుల ప్రకారం పెద్దవయసు స్త్రీకి రోజుకు 65 మిల్లీగ్రాములు కావాలి. ఒక మోస్తరు జామకాయతో అది తీరిపోతుంది. ఉసిరి సంగతి చెప్పనక్కరలేదు. అయితే తిన్నది ఒక హద్దు దాటితే మూత్రంలో పోతుంది. కిలోల కొద్దీ జామకాయలు తిన్నా చెంపకు ప్రత్యేకంగా ఎక్కువ చేరదు. అందుకే పైపూత అనే ఆలోచన పుట్టింది. బ్యూటీ క్లినిక్‌లలో తెల్లబడటానికని గ్లూటాథయోన్‌తో కలిపి విటమిన్ సి ని నరంలోకి ఎక్కిస్తున్నారు. దాని జోలికి మాత్రం వెళ్లకండి. జీ6పీడీ అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉన్నవారికి పెద్ద మోతాదు విటమిన్ సి నేరుగా రక్తంలోకి ఎక్కితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఆ లోపం తమకు ఉందని చాలామందికి తెలియదు.

ఇక కాపుదల. మీరు ఉత్తరంలో సన్‌స్క్రీన్ మాటే రాయలేదు, వాడటం లేదనుకుంటున్నాను. ఎస్‌పీఎఫ్ అంకె ప్రధానంగా చర్మాన్ని కమిలించే అతినీలలోహిత కిరణాల లెక్క. పక్కన పీఏ అని ఉండే ప్లస్ గుర్తులు మరో రకం అతినీలలోహిత కిరణాల లెక్క. ఈ రెండూ అవసరమే. కానీ మంగు విషయంలో ఇంకొకటి ఉంది. మన కంటికి కనిపించే మామూలు వెలుతురు, ముఖ్యంగా అందులోని నీలి, ఊదా భాగం, చామనఛాయ చర్మంలో నలుపు పుట్టిస్తుంది. తెల్లగా, రంగు లేకుండా ఉండే సన్‌స్క్రీన్లు దాన్ని పెద్దగా ఆపవు. దాన్ని ఆపేది ఐరన్ ఆక్సైడ్, జేగురు మట్టికి ఆ ఎరుపు నిచ్చే పదార్థం. చర్మం రంగులో ఉండి, డబ్బా మీద టింటెడ్ అని రాసి ఉండే సన్‌స్క్రీన్లలో ఇది కలుపుతారు. పదార్థాల జాబితాలో ఐరన్ ఆక్సైడ్ పేరు గానీ, సీఐ 77491, 77492, 77499 అన్న అంకెలు గానీ ఉన్నాయో లేదో చూసి కొనండి. ఎస్‌పీఎఫ్ 30 గానీ అంతకన్నా ఎక్కువ గానీ, దానితోపాటు పీఏ మూడు ప్లస్‌లూ ఉంటే చాలు. రాసుకోగానే మచ్చ కొంత కప్పబడి కనిపిస్తుంది, స్టాఫ్ రూములో అడిగే నోళ్లు ఆ రోజు నుంచే కొంత తగ్గుతాయి. ఇది చిన్న ఊరట కాదు.

ఎంత రాయాలో చాలామందికి తెలియదు. చూపుడు వేలు, మధ్య వేలు చాచి వాటి పొడవునా రెండు గీతలుగా పిండితే ముఖానికి, మెడకు సరిపోతుంది. ఆ లెక్కన రోజుకు ఒకసారి రాసినా 50 గ్రాముల ట్యూబు నెలన్నర కన్నా రాదు. ఆరు నెలలు వచ్చిందంటే రాయవలసినంత రాయలేదనే. బయలుదేరేముందు ఒకసారి, మధ్యాహ్న భోజనం తర్వాత ఒకసారి. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు కూడా ఎండ ఉంటుందని మరచిపోకండి. హెల్మెట్ కింద ముదురు రంగు కాటన్ చున్నీ ముఖానికి చుట్టుకుంటే, అది మీకు ఉచితంగా దొరికే ఇంకో కాపుదల. పలచని జార్జెట్ గుడ్డతో పెద్దగా ఉపయోగం లేదు.

మొదటి నెల ఇదొక్కటే చేయండి. సీరం ఏదీ వద్దు. మంటతో దెబ్బతిన్న చర్మం ఈలోగా కుదుటపడుతుంది. పొద్దున మెత్తని ఫేస్‌వాష్, రాత్రి ఒక సాదా మాయిశ్చరైజర్ చాలు.

రెండో నెలలో విటమిన్ సి కొనండి. మీలాంటి తొందరగా మండే చర్మానికి, మీ ఊరి వాతావరణానికి, నేనైతే ఎల్-ఆస్కార్బిక్ ఆసిడ్ కన్నా దాని నిలకడైన రూపాలనే ఎంచుకోమంటాను. ఈథైల్ ఆస్కార్బిక్ ఆసిడ్, మెగ్నీషియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్, సోడియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్, ఆస్కార్బిల్ గ్లూకోసైడ్ అన్న పేర్లలో ఏదో ఒకటి జాబితాలో ఉంటుంది. ఇవి అంత పుల్లగా ఉండనక్కరలేదు, అంత తొందరగా రంగు మారవు. వీటి లోపం కూడా చెప్పాలి: వీటిలో చాలావాటిని చర్మం తనలో అసలు విటమిన్ సి గా మార్చుకోవాలి, ఆ మార్పు ఎంత జరుగుతుందో ఒక్కొక్క దానికి ఒక్కో తీరు. అయినా రంగు మారిన బలమైన సీరం కన్నా నిలిచి ఉన్న మెత్తని సీరం మేలు. ఎల్-ఆస్కార్బిక్ ఆసిడే కావాలనిపిస్తే 10 శాతంతో మొదలుపెట్టండి. దానితోపాటు విటమిన్ ఇ, ఫెరులిక్ ఆసిడ్ ఉంటే మంచిది. వరి తవుడులో ఉండే ఈ ఫెరులిక్ ఆసిడ్‌ను అర శాతం కలిపితే 15 శాతం విటమిన్ సి, 1 శాతం విటమిన్ ఇ ల జోడీ నిలకడ పెరుగుతుందనీ, ఎండ నుంచి అవి ఇచ్చే రక్షణ రెట్టింపు అవుతుందనీ డ్యూక్ బృందమే 2005లో చూపింది. ఆ రకం కొంటే వేసవిలో కొరియర్‌లో తెప్పించకండి. తయారీ తేదీ చూసి, చిన్న సీసా, ముదురు రంగు గాజుది గానీ గాలి చొరని పంపుది గానీ కొనండి. ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు నెలల్లో వాడేయండి. తెరిచిన రోజు నీళ్లలా గానీ లేత గడ్డి రంగులో గానీ ఉండాలి. మొదటి నుంచే నారింజ రంగు కలిపి అమ్మేవాటిని నేను నమ్మను, అది చెడినా మీకు తెలియదు.

ముందు చెవి వెనక గానీ మోచేతి లోపలి వైపు గానీ నాలుగైదు రోజులు రాసి చూడండి. ఏమీ కాకపోతే పొద్దున ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరాక మూడు నాలుగు చుక్కలు, దానిపైన మాయిశ్చరైజర్, ఆఖరున సన్‌స్క్రీన్. మొదట రోజు విడిచి రోజు. చాలా సీరాల్లో ఉండే నియాసినమైడ్ (విటమిన్ బి3 లో ఒక రూపం) తో కలిపి వాడకూడదని కొందరు చెబుతారు, ఆ భయం అక్కరలేదు. మొటిమలకు వాడే బెంజాయిల్ పెరాక్సైడ్ మాత్రం విటమిన్ సి ని ఆక్సీకరించి పాడుచేస్తుంది. అది రాసేవారు రెండిటినీ ఒకే పూట రాయకూడదు.

మీ తోడికోడలి ట్యూబు గురించి కాస్త ఆందోళనగానే రాస్తున్నాను. పదిహేను రోజుల్లో తెల్లబరిచే ట్యూబుల్లో చాలాసార్లు హైడ్రోక్వినోన్, విటమిన్ ఎ జాతి మందు అయిన ట్రెటినోయిన్‌లతో పాటు ఒక స్టెరాయిడ్ ఉంటుంది. ట్యూబు వెనక మొమెటసోన్, ఫ్లూసినోలోన్, బీటామెథసోన్, క్లోబెటసోల్ అన్న పేర్లలో ఏదైనా ఉందేమో చూడమనండి. చర్మవైద్యులు ఇలాంటి మిశ్రమాలను కొద్ది వారాలకు, కంటికి కనిపెట్టి ఉండి ఇస్తారు. నెలల తరబడి సొంతంగా రాస్తే చర్మం పలచబడి, ఎర్రని సన్న నరాలు తేలి, మొటిమలు, ముఖం మీద వెంట్రుకలు వస్తాయి. ఆపితే మంట, ఎరుపు తిరగబడతాయి, దాంతో మళ్లీ రాస్తారు. మన దేశంలో ఇది ఎంత విస్తరించిందంటే 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పవలసి వచ్చింది. అయినా అమ్ముతూనే ఉన్నారు. ఆమె ఇప్పటికే చాలాకాలం వాడి ఉంటే ఒక్కసారిగా మానకుండా చర్మవైద్యులకు చూపించాలి. మీరు మాత్రం మొదలుపెట్టకండి.

మీరూ ఒకసారి చర్మవైద్యులకు చూపించుకోవడం మంచిది. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది, మీకు పెద్ద దూరం కాదు. ఆ మచ్చలు మంగే అని రూఢి చేసుకోవాలి. మంగు పై పొరలో ఉందా, లోతుగా ఉందా అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. లోతుగా ఉన్నది పూతలకు అంతగా లొంగదు. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఆ సంగతి తప్పక చెప్పండి, మంగు ముదరడానికి అవి ఒక కారణం కావచ్చు. మళ్లీ గర్భం ధరించే ఆలోచన ఉంటే హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ వద్దు. విటమిన్ సి పూతకు ఆ ఇబ్బంది లేదు.

నెలకొకసారి ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళ ఫోటో తీసుకోండి. అద్దంలో రోజూ చూసుకుంటే మార్పు తెలియదు. మూడు నెలలకు ముందు తీర్పు చెప్పవద్దు. పూర్తిగా మాయమవుతాయని నేను మాట ఇవ్వలేను. పలచబడటం, ఎండాకాలంలో ముదరకుండా ఉండటం సాధ్యమే. మంగు అన్నది హార్మోన్లు, వంశం, వెలుతురు కలిసి తెచ్చేది. మీ శుభ్రతకూ శ్రద్ధకూ దానితో సంబంధం లేదు. స్టాఫ్ రూములో ఎవరైనా అడిగితే ‘కాన్పు తర్వాత వచ్చిన మంగు, మందు వాడుతున్నాను’ అని ఒక్క మాట చెప్పి మీ పని మీరు చూసుకోండి.

మీ అమ్మాయికి సీరం అక్కరలేదు. పన్నెండేళ్ల చర్మంలో విటమిన్ సి తో సరిచేయవలసింది ఏమీ లేదు, పుల్లని ద్రావణాలు రాస్తే పాడయ్యేది మాత్రం ఉంది. రాసుకోవాలన్న ముచ్చట తీరాలంటే మీతోపాటు ఆ పిల్లకూ పొద్దున సన్‌స్క్రీన్ రాయండి. ఈ వయసులో మొటిమలు మొదలైతే గిల్లవద్దని చెప్పండి, తగ్గకపోతే వైద్యులకు చూపించండి. కొత్త సీసా కొన్నాక దాన్ని ఫ్రిజ్‌లో పిల్లల చేతికి అందని పై అరలో పెట్టండి.